కంపెనీలో బావగారి పేరు

మా తమ్ముణ్ణి ఎవరు ఏం అడిగినా వాడు ముందు మా ఆయన మొహం చూస్తాడు. ఆ తర్వాతే నోరు విప్పుతాడు. కాఫీ తాగుతావా అని అడిగినా అంతే. మా ఆయన గదిలో లేకపోతే ఆయన కూర్చునే కుర్చీ వైపయినా ఒకసారి చూసి మరీ చెప్తాడు. నలభై దాటినవాడు, పెళ్ళాం, స్కూలుకెళ్ళే కూతురు ఉన్నవాడు. "నీకు దాహం వేస్తోందో లేదో కూడా ఆయన్నే అడగాలట్రా?" అని ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు. నవ్వి ఊరుకుంటాడు. నోట్లో నాలుక లేని మనిషి. వాడి వాటా నాలుక కూడా దేవుడు నాకే ఇచ్చేశాడని మా ఆయన అంటూ ఉంటారు.

ఆ చూపు వల్ల వాడు ఈ దేశంలోంచి మూటాముల్లె సర్దుకుని పోవలసినంత పని అయింది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు అరచేతుల్లో చెమట పడుతుంది.

నా పెళ్ళినాటికి వాడికి పాలపళ్ళు కూడా అన్నీ ఊడలేదు. అమ్మ పోయింది. నాన్న ఉన్నా లేనట్టే. నేను అత్తగారింటికి బయల్దేరుతుంటే వాడు నా కొంగు పట్టుకుని వదల్లేదు. అందరూ వాడి వేళ్ళు విడదీసే పనిలో ఉన్నారు. మా ఆయన మాత్రం, "విడదీయడం ఎందుకు, వాడూ వస్తాడు, ఎక్కించండి" అన్నారు. కొత్త పెళ్ళికొడుకు ఆ మాట అనడం అంటే మాటలు కాదు. ఆ రోజు నుంచి వాడికి ఆయన బావ కాదు, ఇంకేదో. చదువు అబ్బలేదని కుట్టుపనిలో పెట్టిందీ ఆయనే, మేం ఈ దేశం వచ్చి స్థిరపడ్డాక ఇక్కడి కర్టెన్ల షాపులో పని వెతికి పెట్టి రప్పించిందీ ఆయనే.

వాడి పని చూడాలి గానీ చెప్పడం కష్టం. మెడలో ఎప్పుడూ టేపు ఉంటుంది, నిద్రలో కూడా తీస్తాడో లేదో మా మరదల్ని అడగాలి. ఏ కిటికీ అయినా పైనా, మధ్యా, కిందా మూడు చోట్ల కొలుస్తాడు, ఎందుకంటే తిన్నగా ఉండే గోడ అంటూ ఎక్కడా లేదట. కుచ్చిళ్ళు పెట్టాక బట్టను ఒక పూటంతా ఊరికే వేలాడదీసి, అది సాగాల్సినంత సాగాకే కింద అంచు మడుస్తాడు. నేను ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే మనిషిని. నాకూ బట్ట సంగతి కాస్త తెలుసు. వాడి చేతిలో బట్ట బుద్ధిగా ఉంటుంది.

ఆ కర్టెన్ల షాపు ఓనరు, ఒక ముసలాయన, ఒకనాడు వ్యాపారం మూసేశాడు. దాంతో మొదలైంది మా బాధ. ఇక్కడ పరాయివాళ్ళకి ఉద్యోగం ఉంటేనే ఉండటానికి పర్మిట్టు. ఉద్యోగం పోతే కొంత గడువిస్తారు, ఆలోగా ఇంకోటి దొరకాలి, దొరక్కపోతే బయల్దేరాలి. మావాడు తిరగని షాపు లేదు. కర్టెన్లు ఇప్పుడు ఎక్కడో కుట్టేసి ప్యాకెట్లలో వస్తున్నాయి, కొలిచి కుట్టేవాడితో పనేముంది అన్నారు. ఇక మిగిలింది ఒకటే దారి. సొంతంగా కంపెనీ పెట్టి, దాన్ని తనే నడుపుకునే పరాయిదేశం మనిషికి వేరే రకం పర్మిట్టు ఇస్తారట.

మందుల షాపు పైన ఒక గదిలో లెక్కల మేడమ్ ఉంటుంది. ఇక్కడి మనిషే, కంపెనీలు రిజిస్టరు చేయించడం ఆవిడ పని. నేను, తమ్ముడు, మా ఆయన ముగ్గురం వెళ్ళాం. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. పరిమిత బాధ్యత కంపెనీ అంటే కంపెనీ వేరు, దాని ఓనరు వేరు. కంపెనీ మునిగితే అందులో పెట్టిన డబ్బు వరకే పోతుంది, అప్పులవాళ్ళు ఇంటిమీదికి రారు. బాధ్యతకి హద్దు గీసి ఇస్తారన్నమాట. కాపురాలు కూడా ఇలా రిజిస్టరు చేస్తే ఎంత బాగుండేది అనుకున్నాను. మా ఆయన వింటారని పైకి అనలేదు.

కంపెనీకి పేరు, అడ్రసు, బ్యాంకులో ఖాతా. అన్నీ ఒక్కొక్కటే రాసుకుంది. ఓనరు ఎవరంటే తమ్ముడు. మేనేజరు ఎవరు అని అడిగింది. అంటే కంపెనీ తరఫున సంతకాలు పెట్టేది, నిర్ణయాలు తీసుకునేది ఎవరు అని. మావాడు పక్కకి చూశాడు. పక్క కుర్చీలో మా ఆయన ఉన్నారు.

"బావగారు" అన్నాడు.

"ఈయనకి కర్టెన్ల పని వచ్చా?" అని అడిగింది మేడమ్.

"రాదండి. మా ఇంటికి పెద్ద."

ఆవిడ "మీ కంపెనీ, మీ ఇష్టం" అని రాసేసింది. పర్మిట్టు సంగతి ఆవిడ చూసే పని కాదు, అది వేరే ఆఫీసు. మాకూ ఏం తోచలేదు. మనవాళ్ళలో ఎవరు షాపు తెరిచినా, ఎవరింట్లో శుభకార్యమైనా పెద్దవాళ్ళ పేరు ముందు వేస్తాం. దానివల్ల ఎవరికైనా నష్టం జరిగిందని ఎక్కడా వినలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. అప్పటికి కొద్దిరోజుల ముందే మా ఆయన్ని బస్సు దింపేశారు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. కళ్ళు మందగించాయని డాక్టరు రాసిస్తే, డిపోలో ప్రయాణికులు మర్చిపోయిన గొడుగులూ సంచులూ దాచే గదిలో కూర్చోబెట్టారు. జీవితమంతా ముందు సీట్లో కూర్చున్న మనిషి. గొడుగుల మధ్య కూర్చోవడం మొదలుపెట్టాక ఆయనకి తిండి సయించలేదు, ఎవరితోనూ మాట కలపలేదు. తమ్ముడి నోటి వెంట "బావగారు" అన్న మాట వచ్చిన రోజున మేడమ్ గారి మెట్లు దిగుతూ ఈల వేశారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అందుకే నేనూ ఏమీ అనలేదు.

పర్మిట్టు ముందు ఏడాదికి ఇచ్చారు. వీధి మట్టానికి దిగువన ఒక గది దొరికింది. కిటికీలోంచి పోయేవాళ్ళ కాళ్ళు తప్ప ఏమీ కనపడవు. పొడుగాటి టేబులు, రెండు మిషన్లు, గోడ పొడుగునా బట్టల తానులు, ఆవిరి ఇస్త్రీపెట్టె. తమ్ముడు కత్తిరిస్తే మరదలు కుట్టేది. సెలవు రోజున నేను వెళ్ళి లైనింగులు మడతపెట్టేదాన్ని. మా ఆయన ఆదివారం వచ్చేవారు. కుర్చీలో కూర్చుని కాఫీ తాగి, స్విచ్చులు ఆఫ్ చేశారా లేదా చూసి, "బాగుంది, ఇలాగే కానివ్వండి" అని వెళ్ళిపోయేవారు. మేనేజరు అని కార్డులు కూడా అచ్చు వేయించుకున్నారు. డిపోలో కార్డు అందుకోని మనిషి లేడు, గొడుగు కోసం వచ్చినవాళ్ళకి కూడా ఇచ్చేవారట.

పని నెమ్మదిగా అందుకుంది. ఒక పళ్ళ డాక్టరు కిటికీలు, ఒక హోటలు గదులు. ఇక ఫర్వాలేదు అనుకుంటున్నాం. పర్మిట్టు పొడిగించమని దరఖాస్తు పెట్టాక ఒక మధ్యాహ్నం ఇద్దరు ఆఫీసర్లు చెప్పాపెట్టకుండా దిగారు. పొడుగాటి ఒకావిడ, ఆవిడ వెనక ఫొటోలు తీసే ఒక కుర్రాఫీసరు. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. కార్డు చూపించి, కంపెనీ నిజంగా నడుస్తోందో లేదో చూడటానికి వచ్చామన్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మరదలు మిషను మీంచి కాలు తీయడం మర్చిపోయింది, సూది ఒకే చోట పొడుస్తూనే ఉంది.

ఆవిడ చాలా మర్యాదగా మాట్లాడింది. ఆ మర్యాదకే నాకు ఇంకా భయం వేసింది.

"మేనేజరు ఎవరు?"

"బావగారు" అన్నాడు తమ్ముడు.

"ఎక్కడున్నారు?"

"డిపోలో ఉద్యోగం. ఆదివారం వస్తారు."

"ఈ టేబులు కొనాలని ఎవరు నిర్ణయించారు?"

"బావగారిని అడిగి కొన్నాం."

"హోటలు పని ఒప్పుకున్నది ఎవరు?"

"నేనేనండి. బావగారికి చెప్పి ఒప్పుకున్నాను."

ప్రతి జవాబుతో వాడు ఇంకాస్త లోతుకి దిగిపోతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. టేబులు కింద వాడి కాలు తొక్కాను. వాడు కాలు వెనక్కి తీసుకుని, "చెప్పాలి కదక్కా, ఆఫీసరు గారు" అన్నాడు మన భాషలో. వాడి అమాయకత్వానికి నాకు ఒళ్ళు మండింది.

ఆవిడ పుస్తకం మూసింది. "ఈ పర్మిట్టు కంపెనీని తానే నడిపేవాళ్ళకి ఇస్తారు. మీరు చెప్పేదాన్ని బట్టి ఇక్కడ నడిపేది వేరే ఆయన. మీరు పనిచేసే మనిషి. అలాంటప్పుడు ఈ పర్మిట్టు పొడిగించడానికి కుదరదు. తుది నిర్ణయానికి ముందు మీరూ మీ మేనేజరూ మా ఆఫీసుకి రావాలి." రావలసిన రోజు చెప్పి వెళ్ళిపోయారు. కిటికీలోంచి వాళ్ళ బూట్లు మూల తిరిగేదాకా చూస్తూ కూర్చున్నాం.

పరుగున మేడమ్ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ విని, ఇంతేనా అన్నట్టు కాగితం తీసింది. "ఓనరు మీరొక్కరే. మేనేజర్ని తీసేస్తున్నాను, నేనే మేనేజరుగా ఉంటాను అని ఒక నిర్ణయం రాయండి. ఆయన సంతకం కూడా అక్కర్లేదు. ఈ రోజే పంపిద్దాం" అని పెన్ను మావాడి ముందు పెట్టింది.

వాడు పెన్ను ముట్టుకోలేదు. కుర్చీ అంచుకి జరిగి, "రేపొస్తానండి" అని లేచాడు.

వీధిలోకి రాగానే అందుకున్నాను. "ఒరే, నీకు మతి ఉందా? నీ కూతురు స్కూలు, నీ పెళ్ళాం మిషను, నీ బతుకు మొత్తం ఆ ఒక్క సంతకం మీద ఉంది. పెట్టు."

"అక్కా, ఆయన్ని ఒకసారి బస్సు దింపారు. రెండోసారి నేను దింపనా?"

నాకు నోటమాట రాలేదు. నాకే.

"చెప్పి తీసేయడం నా వల్ల కాదు. చెప్పకుండా తీసేస్తే ఆయన మొహం నేను మళ్ళీ చూడలేను" అన్నాడు. "నువ్వు కూడా చెప్పకు. మాటివ్వు."

ఇచ్చాను. పోనీ, వాడే నెమ్మదిగా చెప్పుకుంటాడు అనుకున్నాను. వాడు చెప్పడానికి మా ఇంటికి వచ్చాడు కూడా. మా ఆయన ఎదురుగా కూర్చున్నాడు, నీళ్ళు నమిలాడు, వాన ఎక్కువగా ఉంది కదా బావా అన్నాడు, కాఫీ తాగాడు, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఆ రోజు ఎండ గురించి మాట్లాడాడు. ఆఫీసుకి రమ్మన్నారు అని మాత్రం చెప్పగలిగాడు. ఎందుకు రమ్మన్నారో చెప్పలేదు.

ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పమంటే చెప్పలేను. తలుపు చప్పుడైతే మరదలు గోడకి అతుక్కుపోయేది. ఎప్పుడూ గీత తప్పని తమ్ముడు హోటలు వాళ్ళ బట్ట జానెడు పొట్టిగా కత్తిరించేశాడు. కత్తిరించి, ఆ ముక్క చేతిలో పట్టుకుని బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. నాకు లాండ్రీలో సూపర్‌వైజరు పేరు పెట్టి పిలిస్తే చాలు గుండె జారిపోయేది, నన్నూ పొమ్మంటారేమోనని, మాకు ఎప్పుడో శాశ్వత పర్మిట్టు వచ్చి ఆ భయం అక్కర్లేకపోయినా.

మేనకోడలి సంగతి అన్నిటికన్నా ఘోరం. దానికి ఎవరూ ఏమీ చెప్పలేదు. అది తన రంగు పెన్సిళ్ళు, బొమ్మలు, ఇష్టపడి కొనిపించుకున్న నీలం సంచీ ఒక్కొక్కటే స్కూల్లో స్నేహితులకి ఇచ్చేస్తోందని మరదలు కనిపెట్టింది. ఎందుకే అని నేనడిగితే, "ఎలాగూ తీసుకెళ్ళడానికి బరువవుతాయి కదత్తా" అంది.

మాట తప్పుదామని తయారయ్యాను. మా ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారు. ఆఫీసుకి వేసుకెళ్ళడానికి.

"ఏమండీ, ఒక మాట" అన్నాను.

"భయపడుతున్నావు కదూ?" అన్నారు ఆయన, చొక్కా మీంచి తల ఎత్తకుండా. "వాడూ భయపడుతున్నాడు, మొహం చూస్తే తెలియడం లేదా? అందుకే కదా నన్ను పిలిచారు. ఇక్కడ ఇన్నేళ్ళుగా ఉన్నవాణ్ణి, పన్ను ఎగ్గొట్టినవాణ్ణి కాదు. వెనక గట్టి మనిషి ఉన్నాడని తెలిస్తే వాళ్ళే దారికొస్తారు. నా మాట లేకుండా ఆ కంపెనీలో సూది కూడా కదలదని చెప్తాను."

ఆ మాట గనక అక్కడ అంటే వాడి పని అయిపోయినట్టే. చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆయన అద్దం ముందుకి వెళ్ళి ఆ వాక్యాన్నే ఇక్కడి భాషలో సాధన చేయడం మొదలెట్టారు. ఒకసారి తడబడి, మళ్ళీ మొదటి నుంచి అన్నారు. బస్సు దింపాక ఆయన అద్దం ముందు అంతసేపు నిలబడటం నేను చూడలేదు. తెరిచిన నోరు మూసుకున్నాను. ఊళ్ళో అందరినీ కడిగేసే నా నోరు, కావలసినప్పుడు పనికిరాకుండా పోయింది.

ఆఫీసు నాలుగో అంతస్తులో ఉంది. ఆ పొడుగాటావిడే. టేబులుకి ఇవతల రెండు కుర్చీలు, ఒకటి తమ్ముడికి, ఒకటి మా ఆయనకి. నన్ను గోడ వార కూర్చోమంది. మరదలు రాలేదు, వస్తే అక్కడే పడిపోతానంది.

ముందు తమ్ముణ్ణి అడిగింది. "మీ కంపెనీలో మేనేజరు చేసే పని ఏమిటి?"

వాడు మా ఆయన వైపు చూశాడు.

"నన్ను చూసి చెప్పండి" అంది.

వాడు ఆవిడ్ని చూశాడు, నోరు తెరిచాడు, మళ్ళీ చూపు అటే పోయింది. ఇంకో ప్రశ్న వేసింది, అదీ అంతే. ఆవిడ దేన్నో టైపు చేసుకుంది. కీబోర్డు చప్పుడు నా తలలో సుత్తితో కొట్టినట్టుంది.

మా ఆయన చూస్తూ ఊరుకోలేకపోయారు. తమ్ముణ్ణి ఆదుకుంటున్నాననుకుని ముందుకి వంగారు. సాధన చేసిన వాక్యం, ఒక్క తప్పు లేకుండా, గట్టిగా చెప్పారు. "మేడమ్, నా మాట లేకుండా ఆ కంపెనీలో సూది కూడా కదలదు. అన్నిటికీ నాదే పూచీ." చెప్పి, తమ్ముడి భుజం తట్టారు.

ఆవిడ టైపు చేస్తోంది. ఒక్కొక్క అక్షరమే పడుతోంది. మేనకోడలి నీలం సంచీ నా కళ్ళముందు ఆడింది. ఎప్పుడు లేచానో తెలియదు, లేచి నిలబడి ఉన్నాను.

"ఆయన చెప్పేది నిజం కాదమ్మా" అన్నాను. "ఆయనకి అక్కడ ఏ పనీ లేదు, ఏమీ తెలియదు. ఊరికే గౌరవానికి పేరు పెట్టాం. అంతా చేసేది మా తమ్ముడే."

మా ఆయన తల తిప్పి నన్ను చూశారు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన నామీద అరిచారు, అలిగారు, అన్నం పళ్ళెం ముందు నుంచి లేచిపోయారు. అలా మాత్రం ఎప్పుడూ చూడలేదు. నేనెవరో గుర్తుపట్టనట్టు చూశారు.

"మీరు ఆయన అక్కగారు" అంది ఆఫీసరు. "మీ మాట నేను రాసుకోలేను. ఓనరు చెప్పాలి." తమ్ముడి వైపు తిరిగింది. "ఆవిడ చెప్పింది నిజమా? ఈయన మీ కంపెనీలో ఏమీ చేయరా?"

వాడు మా ఆయన మొహమే చూస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. నేను ఆ గదిలో చచ్చిపోతాననుకున్నాను.

మా ఆయన మన భాషలో, చాలా నెమ్మదిగా అడిగారు. "ఏరా. నా పేరు ఉన్నందుకేనా నిన్ను పొమ్మంటున్నది?"

వాడు కళ్ళు దించుకున్నాడు. అదే జవాబు.

ఆఫీసరు, "ఇక్కడి భాషలో మాట్లాడండి" అంది. మా ఆయన మాట్లాడలేదు. లేచి, తన కుర్చీని పట్టుకుని, దాని కాళ్ళు నేల మీద కీచుమంటుండగా కిటికీ వైపు తిప్పుకుని, మాకు వీపు పెట్టి కూర్చున్నారు. కోపమో, తెలిసి చేసిన పనో నాకు అంతు పట్టలేదు. తమ్ముడు మళ్ళీ అటు చూశాడు. వాడికి కనపడింది ఆయన మెడ వెనక నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా కాలరు. అటు దారి మూసుకుపోయాక నా వైపు చూశాడు. నేను తల దించేసుకున్నాను. ఇక వాడికి చూడటానికి ఆఫీసరు తప్ప ఎవరూ మిగల్లేదు.

"నిజమేనండి" అన్నాడు. చూపు ఆవిడ మీంచి తిప్పలేదు. "ఆయన ఏమీ చేయరు. ఆదివారం వస్తారు, కాఫీ తాగుతారు, వెళ్తారు. ఏ బట్ట కొనాలో, ఎంతకి ఒప్పుకోవాలో, ఎవరికి కాదనాలో, అన్నీ నేనే చూసుకుంటాను. హోటలు బట్ట పొట్టిగా కత్తిరించిందీ నేనే. దానికి కొత్త బట్ట తెచ్చి వేసిందీ నేనే. ఆయనకి ఆ సంగతి తెలియను కూడా తెలియదు."

"మరి ఆయన పేరెందుకు పెట్టారు?"

"నన్ను పెంచారండి."

ఆవిడ వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి. "అది రాయడానికి ఇక్కడ చోటు లేదు" అంది. కసురుకోలేదు. కాసేపు స్క్రీను చూసి, ఒక తెల్ల కాగితం, పెన్ను ముందుకి తోసింది. ఓనరుగా నిర్ణయం ఇక్కడే రాసిస్తే తీసుకుంటానంది. వాడు రాశాడు. మేనేజర్ని తీసేస్తున్నాను అన్న చోట పెన్ను చాలాసేపు నిలిచిపోయింది. ఆ గదిలో గోడ గడియారం లేదు కాబట్టి సరిపోయింది, ఉంటే ఆ చప్పుడుకి నేను పిచ్చెత్తిపోయేదాన్ని. రాశాడు, సంతకం పెట్టాడు. మా ఆయన ఇటు తిరగలేదు.

పర్మిట్టు ఏడాదికి పొడిగిస్తున్నామనీ, ఆ ఏడాది వాడు నిజంగానే కంపెనీ నడుపుతున్నాడో లేదో తనే వచ్చి చూస్తాననీ ఆవిడ చెప్పింది. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆవిడ చేతులు పట్టుకోబోయి, మర్యాద కాదేమోనని మానేశాను.

బస్‌స్టాపు దాకా ముగ్గురం నడిచాం. నేను, తమ్ముడు ఒక పక్క, ఆయన ఒక పక్క. అక్కడ నిలబడ్డాక ఆయన అడిగారు.

"ఎప్పట్నుంచి తెలుసు మీ ఇద్దరికీ?"

"వాళ్ళు వచ్చి చూసి వెళ్ళినప్పట్నుంచి" అన్నాను.

"అన్నాళ్ళూ నాతో కాఫీ తాగుతూ కూర్చున్నారు. ఒక్క మాట, బావా, మీ పేరు అడ్డం వస్తోంది అని ఒక్క మాట చెప్పడానికి మీకేం వచ్చింది?" ఆయన తమ్ముడినే చూస్తున్నారు. "ఇన్నేళ్ళూ అది గౌరవం అనుకున్నాను. నేనంటే భయమట్రా నీకు?"

వాడు ఎటూ చూడలేదు. ఆయన కళ్ళలోకే చూసి చెప్పాడు.

"భయమే బావా. మీరు బాధపడతారని."

"బాధపడితే ఏమవుతుంది? రెండు పూటలు భోజనం మానేస్తాను. మీ అక్కని నాలుగు తిట్టి ఊరుకుంటాను." ఆయన రోడ్డు వైపు తిరిగారు. "నిన్ను నిజంగానే పంపించేసి ఉంటే, అప్పుడు నేనేం చెయ్యాలనుకున్నార్రా మీరు?"

బస్సు వచ్చింది. ఆయన మా వైపు చూడకుండా ఎక్కి, లోపలెక్కడో కూర్చున్నారు. అది మేం కూడా ఎక్కాల్సిన బస్సే. మా ఇద్దరికీ ఎక్కే ధైర్యం లేకపోయింది.